చైన్ ఎంత వదులుండాలి

పశువుల ఆసుపత్రి వెనక గది,
కొండమీద.

వదినగారికి,

ఈ ఉత్తరం నిజానికి మా అన్నయ్యకు రాయాలి. రాశాను కూడా. జవాబు రాలేదు. మీరు కాపురానికి వచ్చాక ఆయన మాట్లాడటమే తగ్గించేశారని మర్చిపోయి, ఉత్తరం రాస్తారని ఆశపడ్డాను. తప్పు నాదే. అందుకని మీకే రాస్తున్నాను. రాయడం నాకు ఇష్టమని మాత్రం అనుకోకండి.

నేను తెచ్చుకున్న అన్నయ్య పాత మోటార్ సైకిల్ కొండ ఎక్కడం లేదు. ఆసుపత్రి నుంచి పై పల్లెకు ఒకటే దారి, అన్నీ మలుపులే. వెనక ఐసు పెట్టె కట్టుకుంటాను. అందులో గాలికుంటు టీకా సీసాలుంటాయి. మొదటి మలుపు దాకా బండి బుద్ధిగా వస్తుంది. రెండో మలుపులో, మొదటి గేరులో ఉన్నా సరే, మూలుగుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. దిగి తోస్తాను. నేను తోస్తుంటే మేకలు నన్ను దాటుకుని పోతాయి. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూస్తాయి. ఆ చూపు భరించడం కష్టం. పెళ్లైన కొత్తలో మీరు నన్ను చూసిన చూపులాగే ఉంటుంది.

ఐసు కరిగేలోగా పై పల్లె చేరకపోతే మందు చెడిపోతుంది. డాక్టరుగారు నన్ను ఇంకా పరీక్ష మీదే ఉంచారు. "పాత కాంపౌండరు ఈ దారిలో ఈలేసుకుంటూ పోయేవాడమ్మా" అని రోజుకోసారి అంటారు. వానలు ముదిరేలోగా పై పల్లె పశువులన్నిటికీ టీకాలు వేస్తే ఉద్యోగం నాది. లేకపోతే ఆ ఈలల మనిషి మళ్లీ వస్తాడు, నేను ఇంటికి రావాలి. ఇంట్లో నాకేముంది? నా చదువుల గదిలో మీరు బండ్లు బాగుచేసే షాపు పెట్టారు. నా పుస్తకాల మీద టైర్లు పేర్చారు. వస్తే నేనెక్కడ పడుకోవాలి, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టిలోనా?

కాబట్టి నేనిక్కడ ఉండిపోవడం మీకూ హాయి. ఇంజనుకు బలమిచ్చే ఆయిలో, మందో ఏదైనా ఉంటే పంపండి.

మీ ఆడపడుచు


షాపు
(ఒకప్పటి చదువుల గది)

అమ్మాయ్,

ఇంజనుకు బలం మందా! చదివి నేను నవ్వలేదు. బండ్లు తెచ్చుకున్నవాళ్లకు వినిపిస్తే వాళ్లు నవ్వారు. ఒకాయన, "మీ ఆడపడుచు పశువుల డాక్టరా, బండికి సూది కూడా వేస్తుందేమో అడగండి" అన్నాడు. ఆయనకు బిల్లులో తగ్గించాను.

మీ అన్నయ్య నోరు నేను కట్టేశానన్నావు. ఆయన నాకూ జవాబివ్వరు తల్లీ. పొద్దున్న పేపరు తీసుకుని కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం దాకా పేపరూ కుర్చీ మనిషీ ఒకటే ముద్ద. మొన్న కుర్చీ కాలు విరిగితే లేచి రెండో కుర్చీలోకి మారారు. ఈ ఏడాదిలో ఆయన చేసిన పెద్ద పని అదే.

ఇప్పుడు విను. ఇంజనుకు ఏ జబ్బూ లేదు. ఇంజను పక్కన చిన్న పళ్లచక్రం ఉంటుంది, వెనక చక్రానికి పెద్దది ఉంటుంది. వాటిని స్ప్రాకెట్లంటారు. రెంటినీ చైన్ కలుపుతుంది. నీ బండికి ముందుది పదిహేను పళ్లది. మీ అన్నయ్య బైపాస్ రోడ్డు మీద జుట్టు ఎగరేసుకోవడానికి వేయించుకున్నారు. కొండకు పదమూడు కావాలి. ముందు పళ్లు తగ్గితే ఇంజను ఎక్కువసార్లు తిరిగి వెనక చక్రాన్ని తక్కువగా తిప్పుతుంది. వేగం పోతుంది, లాగే బలం వస్తుంది. చదునైన రోడ్డు మీద బండి గోల పెడుతుంది, పెట్టనీ. నువ్వేమీ పందేనికి పోవడం లేదు.

పెట్టెలో మూడు వస్తువులున్నాయి: ముందుకు పదమూడు పళ్లది, వెనకకు పాత కొలతలోనే కొత్తది, కొత్త చైన్. మూడూ ఒకేసారి మార్చాలి. అరిగిన చైన్ సాగిపోయి కొత్త పళ్లను తినేస్తుంది. అరిగిన పళ్లు కొత్త చైన్‌ను తినేస్తాయి. ఇంకో మాట, చిన్న చక్రం చుట్టూ చైన్ ఎక్కువ వంగాలి, అందుకని త్వరగా అరుగుతుంది. వారం వారం దానికి నూనె పట్టించు. జుట్టుకు పట్టించుకున్నంత శ్రద్ధగా పట్టించు. చైన్ కొసలు రెంటినీ కలిపే లాక్‌కి క్లిప్పుంటుంది, అది చైన్ పై వరసలో ఉన్నప్పుడు దాని మూసుకున్న కొస బండి వెళ్లే వైపు ఉండాలి.

పానాలు రెండు పెట్టాను. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోకు.

ఇట్లు,
గ్రీజు కోడలు
(నా పెళ్లిలో నువ్వు పెట్టిన పేరే. నాకు వినబడలేదనుకున్నావు.)


వెనక గది,
కొండమీద.

వదినగారికి,

పెట్టె అందింది. విప్పి చూసి నేనేమీ ఆశ్చర్యపోలేదు. మీరు ఇలాంటిదేదో చేస్తారని తెలుసు.

ముందు చక్రం ఉన్నదానికన్నా చిన్నది పంపారు. కొండ ఎక్కే బండికి చిన్నదేమిటండీ? తగ్గితే పెరుగుతుంది, పోతే వస్తుంది అని మీ ఉత్తరంలో ఏదో రాశారు. సరుకు అంటగట్టేవాళ్ల మాటలు ఎప్పుడూ అలాగే ఉంటాయి. షాపులో ఎవరూ కొనని ముక్క ఆడపడుచుకు చేరిందని అర్థమైంది. దాన్ని కిటికీ దగ్గర కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. ఆ పనికి బాగానే ఉంది. పాత పదిహేను పళ్లదే ఉంచి, వెనకదీ చైనూ మార్చాను. ఎవరి సాయమూ లేకుండా నేనే మార్చాను. వేలు చితికింది, అది మీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

ఫలితం వినండి. బండి అదే రెండో మలుపులో ఆగింది. పైగా ఇప్పుడు టకటకమని కొత్త చప్పుడు. ఒక్కోసారి చైన్ పళ్ల మీదకెక్కి దూకుతోంది. అప్పుడే వదులై కింద వేలాడుతోంది కూడా. అంటే చైన్ నాసిరకం.

డాక్టరుగారు కిటికీలోంచి చూస్తూ, "అమ్మాయ్, పాత కాంపౌండరుకు కబురు పెట్టమంటావా?" అన్నారు. వద్దన్నాను. "పోనీలే, ఇంకొంచెం తోసుకో" అన్నారు. ఆ ఇంకొంచెం ఎంతో నాకు తెలియదు.

ఇట్లు,
మీ సరుకు కొన్న మనిషి


షాపు

కాగితాల మీద బరువు పెట్టిన మహాతల్లికి,

నేను ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ చదివాను. అప్పటికీ అదే రాసి ఉంది. స్ప్రాకెట్‌ను కాగితాల మీద పెట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. నీ చదువు ఇన్నాళ్లు ఎక్కడికి పోయిందా అనుకునేదాన్ని, కాగితాల కిందకి పోయిందన్నమాట.

నీకు తలకెక్కేలా చెప్తాను. నెత్తిన బస్తా పెట్టుకుని మేడ ఎక్కుతున్నావు. ఎప్పుడూ మొయ్యలేదు కాబట్టి ఊహించుకో. ఒక్కో మెట్టూ ఎక్కుతావా, అంగకు మూడు మెట్లు ఎక్కుతావా? పదిహేను పళ్లదంటే పెద్ద అంగ. పదమూడంటే చిన్న అంగ. చిన్న అంగలైతే మోకాళ్లు ఎక్కువసార్లు ఆడతాయి, కానీ పైకి చేరతావు. ఇంజను మోకాళ్లూ అంతే.

ఇప్పుడు పాతది విప్పి, కాగితాల మీద కొలువున్నదాన్ని తెచ్చి, పక్కపక్కన పెట్టు. కొత్తదాని పన్ను రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. పాతదాని పన్ను పిల్లిగోరులా ఒక పక్కకు వంగి ఉంటుంది. ఆ గోళ్లే నా చైన్‌ను రక్కుతున్నాయి. చైన్ నాసిరకం కాదు, తగిలించిన చేతులు నాసిరకం.

చైన్ వేలాడుతోందని రాయడానికి సిగ్గనిపించలేదూ? వెనక ఇరుసు నట్టు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి బిగించు. నా షాపులోంచి వెళ్లే ఏ బండి చైనైనా తీగలా ఉంటుంది. స్టాండు వేసి, కింద నుంచి వేలితో ఎత్తితే గోరంత కదలాలి, అంతే. చప్పుడు చేసే చైన్‌ను చూస్తే బండివాడు ముందు మెకానిక్ ముఖం వంక చూస్తాడు. నీ చేతుల్లో బలముండదు కాబట్టి పానా మీద కాలు పెట్టి తొక్కు.

ఇట్లు,
నాసిరకం షాపు


వెనక గది,
కొండమీద.

వదినగారికి,

ఎక్కింది.

రెండో మలుపు దగ్గర అలవాటు కొద్దీ ఒక కాలు కిందపెట్టాను, తోయడానికి. అవసరం రాలేదు. బండి గొణుక్కుంటూ, ఎవరినో తిట్టుకుంటూ, ఆగకుండా మూడో మలుపు, నాలుగో మలుపు దాటింది. మేకలు పక్కకు తప్పుకున్నాయి. పెట్టెలో ఐసు ముక్కలు ఇంకా గలగలలాడుతుండగానే పై పల్లె చేరాను. ఆ రోజే సగం పశువులకు టీకాలు వేశాను. ఒక గేదె తన్నబోయింది. ఆ రోజు నాకు గేదె మీద కూడా ప్రేమ కలిగింది.

ఇందులో మీ గొప్పేమీ లేదు. పళ్లు లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. దిగేటప్పుడు దారి చదునైన చోట ఇంజను పెట్టే గోలకు చెవులు పోతున్నాయి. అది మీరు ముందే రాశారు, అదీ మీ గొప్ప కాదు.

ఒక్క సంగతి అడగాలి. గోరంత కదిలేలా బిగించాను. స్టాండు మీద మీరన్నట్టే ఉంది. కానీ ఐసు పెట్టె కట్టి, నేనెక్కి కూర్చుని, పై పల్లె మేకల పెద్దాయన్ను వంగి చైన్ ముట్టుకుని చూడమన్నాను. "ఇదసలు కదలటం లేదమ్మా, ఇనుప ఊచలా ఉంది" అన్నాడు. గుంతల్లో దిగినప్పుడు లోపలెక్కడో కిర్రుమంటోంది కూడా. కొంచెం వదులు చెయ్యమంటారా?

ఇట్లు,
ఆడపడుచు


షాపు

మేకల పెద్దాయనకు చైన్ చూపించావా! ఈసారి నేరుగా మేకల్నే అడుగు, అవి ఇంకా బాగా చెప్తాయి.

మా నాన్న షాపులో స్టూలెక్కి నిలబడి పని నేర్చుకున్నాను. అప్పటినుంచి ఎన్ని చైన్లు బిగించానో నాకే తెలియదు. ఒక్కటి తెగలేదు. నువ్వు నిన్నగాక మొన్న పానా పట్టుకుని నాకు లోపాలు చూపిస్తున్నావు. వదులు చెయ్యకు. చేశావంటే చైన్ జారి చక్రంలో పడుతుంది, నువ్వు లోయలో పడతావు, మీ అన్నయ్య పేపరు పక్కన పెట్టాల్సి వస్తుంది. ఆయనకు అంత కష్టం కలిగించకు.

ఇంకో మాట. ఎక్కిందని రాసిన పేజీలో "మీ గొప్ప కాదు" అని రెండుసార్లు రాశావు. ఒకసారి రాస్తే నమ్మేదాన్ని.

ఇట్లు,
షాపు


వెనక గది,
కొండమీద.

మెకానిక్ గారికి,

తెగింది.

నాలుగో మలుపులో, పెద్ద గుంతలో చక్రం దిగి లేవగానే ఫట్‌మంది. లాక్ ఎగిరి ఎక్కడో తుప్పల్లో పడింది. చైన్ నా వెనక రోడ్డు మీద పాము కుబుసంలా పడి ఉంది. వాన మొదలైంది. పైకి తోయలేక, కిందికి వదల్లేక, బండిని బండరాయికి ఆనించి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాను. మీరు ఊహించుకోమన్న బస్తా ఇంతకన్నా బరువుండదనుకుంటాను. పై పల్లె చేరేసరికి పెట్టెలో ఐసు లేదు, గోరువెచ్చటి నీళ్లున్నాయి. సీసాలు మేకల పెద్దాయన ముందే పారబోశాను. ఆయన ఖాళీ సీసాలు ఏరి పెట్టెలో సర్దాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

డాక్టరుగారు అన్నారు. "వచ్చే వారం ఒక్కసారి చూస్తాను. అదీ ఇంతే అయితే పాత కాంపౌండరును పిలిపిస్తాను. ఈసారి నేనూ నీ వెనక కూర్చుని వస్తాను, నీ తంటా ఏమిటో చూస్తాను."

ఇక మీ సంగతి. నాకేమీ తెలియదంటారు. నిజమే, తెలియదు కాబట్టే చూశాను. తెలిసినవాళ్లు చూడరు. బండిని కిందికి దింపించుకుని, తెగిన చోట తీగతో కట్టి, కుదుపులు ఆపే వెనక షాకులు రెండూ విప్పేసి, చక్రాన్ని చేత్తో పైకీ కిందకీ ఆడించాను. చక్రం పైకి లేచేకొద్దీ చైన్ బిగుసుకుంటోంది. చక్రం ఇరుసు, ఆ చక్రాన్ని మోసే ఇనుప చేయి కీలు, ముందు స్ప్రాకెట్, ఈ మూడూ ఒకే గీత మీదకు వచ్చినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా బిగుసుకుంటోంది. బరువెక్కిన బండిలో జరిగేది అదే. చైన్ ఎంత వదులుండాలో అక్కడ చూడాలి. ఖాళీ బండిని స్టాండు మీద నిలబెట్టి కాదు.

మీరు బిగించిన వాటిలో ఒక్కటీ తెగలేదన్నారు. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఒంటరిగా, చదును రోడ్డు మీద తిరిగేవాళ్లు. వాళ్ల చైన్లు తెగవు, అరుగుతాయి. త్వరగా అరిగి మళ్లీ మీ దగ్గరికే వస్తాయి. నూనె పట్టించలేదని మీరు వాళ్లను తిట్టి, కొత్తది వేసి, మళ్లీ తీగలా బిగించి పంపుతారు.

ఒక చైన్ పంపండి. సలహా వద్దు.


షాపు

చైన్ పంపుతున్నాను. లాకులు రెండు ఎక్కువ పెట్టాను. బస్సు డ్రైవరు చేతికే ఇచ్చాను, దారిలో దించొద్దని చెప్పాను.

ఎంత వదులుండాలో నీకు తెలుసు.


వెనక గది,
కొండమీద.

వదినా,

సీటు మీద దాణా బస్తాలు ఎక్కించి, బండి బాగా కుంగాక, ఆ స్థితిలో కూడా చైన్ కాస్త ఆడేలా బిగించాను. బస్తాలు దించి స్టాండు మీద పెడితే చూడ్డానికి అసహ్యంగా ఉంది. చైన్ కింద వేలాడుతోంది. డాక్టరుగారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. "ఇదేమిటమ్మా, లంగరు తాడులా వేలాడుతోంది? బిగించడం కూడా రాదా?" అన్నారు. "మీరు ఎక్కి కూర్చోండి, అదే బిగుసుకుంటుంది" అన్నాను. పొగడ్త అనుకున్నారో తిట్టనుకున్నారో తెలియదు, ఎక్కారు. ఆయన బరువైన మనిషి. ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకున్నారు. బండి అంత కుంగడం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి మలుపు దాటాక ఆయన పాత కాంపౌండరు గురించి మొదలుపెట్టారు. రెండో మలుపులో అతని ఈల ఎంత బాగుండేదో చెప్పారు. నాలుగో మలుపు దగ్గర, ఆ గుంతలో దిగినప్పుడు, ఐసు పెట్టెను రెండు చేతులా వాటేసుకున్నారు. చక్రం దిగింది, లేచింది. చైన్ ఒక్కసారి టప్పుమని కొట్టుకుని ఊరుకుంది. అంతే. బండి ఎక్కుతూనే ఉంది. నేను ఏడవలేదు. వాన పడుతోంది కాబట్టి ఆయనకు తేడా తెలియదు.

పై పల్లెలో మిగిలిన పశువులన్నిటికీ టీకాలు వేశాం. ఐసు ఇంకా మిగిలింది. చేతులు కడుక్కుంటూ డాక్టరుగారు మేకల పెద్దాయనతో, "పాత కాంపౌండరు మీ ఊరికి ఎంత తొందరగా వచ్చేవాడో, ఈ అమ్మాయే ఇంత తిప్పలు పడింది" అన్నారు.

పెద్దాయన అయోమయంగా చూశాడు. "ఆ ఈలేసే ఆయనా? ఆయన రెండో మలుపు దాటి రావడం మేమెప్పుడూ చూడలేదండీ. అక్కడే చెట్టు కింద కూర్చునేవాడు. ఈల వినబడితే పశువుల్ని మేమే తోలుకెళ్లేవాళ్లం. కాళ్లు నొప్పులున్నవీ చూలుతో ఉన్నవీ మిగిలిపోయేవి. గాలికుంటు వాటికే వచ్చేది" అన్నాడు.

డాక్టరుగారు చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. ఆసుపత్రి ముందు దిగి, "రేపటినుంచి నీ పేరు ఉద్యోగుల పట్టీలో ఎక్కిస్తాను" అని లోపలికి వెళ్లిపోయారు. ఆయనకు సారీ చెప్పడం రాదు. నాకు అలాంటివాళ్లు అలవాటే.

నేనిక్కడే ఉంటున్నాను. కాబట్టి ఆ గది మీరే ఉంచుకోండి. టైర్లు మాత్రం పుస్తకాల మీద కాక పక్కన పెట్టండి, అట్టలు వంగిపోతాయి.

ఇట్లు,
పశువుల కాంపౌండరు


షాపు

కాంపౌండరు గారికి,

ఉద్యోగం వచ్చిందని నీ తల ఎంత పెరిగిందో ఉత్తరం చూస్తే తెలుస్తోంది. వానని అడ్డం పెట్టుకుని ఏడవలేదని రాయడం కూడా బాగుంది. పుస్తకాలు పక్కకు జరిపించాను. ఒకటి తెరిచి చూశాను, ఏమీ అర్థం కాలేదు, మూసేశాను.

చైన్ తెగిందని నువ్వు రాసిన ఉత్తరం చదివాక షాపులో ఉన్న బండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి బరువు పెట్టి, కుంగదీసి చూశాను. ఏం కనబడిందో నీకు రాయను. రాస్తే నువ్వు దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలిస్తావు.

ఇప్పుడు ఏ బండి చైన్ బిగించాలన్నా ముందు దాని మీద బరువుండాలి. బస్తాలు ఎత్తి దించడం నావల్ల కాదు. అందుకని మీ అన్నయ్యను ఎక్కిస్తున్నాను. పేపరుతో సహా ఎక్కుతారు. ఒక బండి అయ్యాక రెండో బండి మీదకు మారతారు, పేజీ కూడా తిప్పకుండా. నిన్న మధ్యాహ్నం వరుసగా నాలుగు బండ్ల మీద కూర్చున్నారు. సాయంత్రం "చాలా అలసిపోయాను" అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనగా వినడం ఇదే మొదలు. పొరపాటున కాఫీ ఇచ్చాను.

పొద్దున్న ఒకాయన బండి తీసుకోవడానికి వచ్చి, చైన్ చూసి, "ఇంత వదులేమిటమ్మా, మీ చేతి పని ఇలా ఉండదే" అని ముఖం మాడ్చుకున్నాడు. ఆయన్ను బండి మీద కూర్చోబెట్టి, వంగి చైన్ ముట్టుకోమని, ఇరుసూ కీలూ ముందు స్ప్రాకెట్టూ ఒకే గీత మీదకు వస్తే ఏమవుతుందో, నువ్వు రాసిన మాటలు రాసినట్టే చెప్పాను. నోరెళ్లబెట్టి విన్నాడు. "ఇంతవరకూ ఏ మెకానికూ నాకిలా చెప్పలేదండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు.

నేనే కనిపెట్టానన్నాను.

ఇట్లు,
వదిన